మొదటి సంవత్సరం విద్యార్థులకు ప్రోగ్రామింగ్ ప్రాక్టికల్ తరగతుల నిర్వహణ

విషయ క్రమం

7.0 లక్ష్యాలు
7.1 ఉపోద్ఘాతం
7.2 ప్రయోగశాలలో నేర్చుకోవలసింది ఏమిటి?
7.3 తరగతికి ముందు సన్నాహాలు
7.4 రెండు గంటల తరగతి నడిచే విధం
7.5 జంటగా పనిచేయడం
7.6 దోష సందేశాలు, భాష సమస్య
7.7 మూల్యాంకనం
7.8 దూరవిద్య విద్యార్థులకు ప్రత్యేక సూచనలు
7.9 సారాంశం
7.10 మీ సమాధానాలు సరిచూసుకోండి
7.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు

- ప్రోగ్రామింగ్ ప్రాక్టికల్ తరగతి అసలు ఉద్దేశాన్ని వివరించగలుగుతారు.
- ప్రోగ్రామును కాగితం మీద వరుసవారీగా అనుసరించే పద్ధతిని ఉపయోగించగలుగుతారు.
- రెండు గంటల ప్రాక్టికల్ తరగతికి ప్రణాళిక తయారు చేయగలుగుతారు.
- దోష సందేశాలను చదివి అర్థం చేసుకునే క్రమాన్ని తెలుసుకుంటారు.
- రికార్డు, వైవా, ప్రత్యక్ష పరీక్షల పరిమితులను, ప్రయోజనాలను పోల్చగలుగుతారు.

7.1 ఉపోద్ఘాతం

కంప్యూటర్ సైన్స్ డిగ్రీలో చేరిన విద్యార్థులు మొదటి సంవత్సరంలోనే ఒక ప్రోగ్రామింగ్ భాషను నేర్చుకుంటారు. మన కళాశాలల్లో చాలాకాలంగా అది సి భాష. ఇప్పుడు పైథాన్‌తో మొదలుపెట్టే చోట్లు కూడా ఉన్నాయి. భాష ఏదైనా సిద్ధాంత తరగతితో పాటు ప్రాక్టికల్ తరగతి తప్పనిసరిగా ఉంటుంది. దానికి ఒక ప్రయోగాల జాబితా, ఒక అబ్జర్వేషన్ పుస్తకం, ఒక రికార్డు, చివరలో పరీక్ష, వైవా ఉంటాయి.

ఈ ఏర్పాటు సాధారణంగా ఎలా నడుస్తుందో మీకు తెలుసు. అధ్యాపకులు బోర్డు మీద ప్రోగ్రామును రాస్తారు. విద్యార్థులు దాన్ని చూసి టైపు చేస్తారు. దోషాలు వస్తే పక్కవారిని అడిగి సరిచేసుకుంటారు. సరైన ఫలితం రాగానే రికార్డులో రాసి సంతకం చేయించుకుంటారు. సంవత్సరం ముగిసేసరికి రికార్డు నిండుతుంది.

ఇప్పుడు ఒక సందర్భాన్ని ఊహించండి. ఒక విద్యార్థిని రికార్డులో ఫ్యాక్టోరియల్ ప్రోగ్రాము ఉంది. ఇన్‌పుట్ 5, ఫలితం 120. వైవాలో పరీక్షాధికారి ‘5కు బదులు 13 ఇచ్చి నడపండి’ అన్నారు. తెర మీద 1932053504 అని వచ్చింది. ‘ఇది సరైన సమాధానమేనా?’ అని అడిగితే ఆమె దగ్గర జవాబు లేదు. 13 ఫ్యాక్టోరియల్ విలువ 6227020800. 32 బిట్ల పూర్ణాంక వేరియబుల్‌లో పట్టే అతి పెద్ద సంఖ్య 2147483647. అందువల్ల అసలు విలువ అందులో పట్టలేదు. తెర మీద కనిపించింది మిగిలిన ముక్క మాత్రమే.

ఆ విద్యార్థిని బద్ధకస్తురాలు కాదు. సంవత్సరమంతా తరగతికి వచ్చింది, ప్రతి ప్రయోగం మీద సంతకం ఉంది. కానీ ప్రోగ్రామును ప్రశ్నించే అవకాశం ఆ తరగతుల్లో ఆమెకు ఒక్కసారి కూడా రాలేదు. లోపం తరగతి నిర్వహణలో ఉంది. ఆ నిర్వహణ ఎలా ఉండాలో ఈ భాగంలో తెలుసుకుందాం.

7.2 ప్రయోగశాలలో నేర్చుకోవలసింది ఏమిటి?

ఈ సమస్య మన దగ్గర మాత్రమే ఉన్నది కాదు. 2001లో మైకేల్ మెక్‌క్రాకెన్ నాయకత్వంలో ఒక పరిశోధక బృందం వేర్వేరు దేశాల విశ్వవిద్యాలయాలలో మొదటి ప్రోగ్రామింగ్ కోర్సు పూర్తి చేసిన విద్యార్థులకు చిన్న చిన్న ప్రోగ్రాములు రాసే పరీక్ష పెట్టింది. 110 మార్కులకు వచ్చిన సగటు 23 కూడా లేదు. సమస్యను విశ్లేషించి పరిష్కారాన్ని తయారు చేయడం విద్యార్థులకు రావడం లేదని మొదట భావించారు.

2004లో రేమండ్ లిస్టర్ బృందం మరో కోణంలో పరిశీలించింది. ప్రోగ్రాము రాయమనకుండా, రాసి ఉన్న చిన్న ప్రోగ్రామును చూపి ‘ఇది నడిస్తే ఏ విలువ వస్తుంది?’ అని అడిగింది. చాలామంది అక్కడ కూడా తడబడ్డారు. రాయడానికి ముందు మెట్టు అయిన చదవడమే వారికి పూర్తిగా అందలేదని దీనివల్ల తెలిసింది.

ప్రోగ్రామును చదవడం అంటే అక్షరాలను చదవడం కాదు. ప్రతి వరుస నడిచినప్పుడు కంప్యూటర్ లోపల ఏం మారుతుందో మనసులో చూడగలగడం. కంప్యూటర్ పనితీరుపై విద్యార్థి మనసులో ఉండవలసిన ఈ సరళమైన చిత్రాన్ని బెనెడిక్ట్ డు బౌలే ‘భావనాత్మక యంత్రం’ అనే అర్థం వచ్చే పేరుతో 1980లలో వివరించాడు. ఈ చిత్రం తప్పుగా ఉంటే ఎన్ని ప్రోగ్రాములు టైపు చేసినా తప్పు అలాగే ఉండిపోతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. రెండు వేరియబుల్స్ విలువలను తారుమారు చేయమంటే కొత్త విద్యార్థులు తరచుగా ఈ విధంగా రాస్తారు.

వరుస 1: ఎ = 5
వరుస 2: బి = 8
వరుస 3: ఎ = బి
వరుస 4: బి = ఎ

దీన్ని కాగితం మీద వరుసవారీగా అనుసరిస్తే ఈ పట్టిక వస్తుంది.

| వరుస | ఎ విలువ | బి విలువ |
|---|---|---|
| 1 | 5 | – |
| 2 | 5 | 8 |
| 3 | 8 | 8 |
| 4 | 8 | 8 |

మూడో వరుసలోనే 5 పోయింది. నాలుగో వరుసకు తిరిగి ఇవ్వడానికి ఏమీ మిగలలేదు. ఈ తప్పుకు కారణం గణితం. పాఠశాలలో సమానం గుర్తుకు ‘రెండు వైపులా ఒకటే’ అని అర్థం చెప్పారు. సి భాషలో ఆ గుర్తుకు ‘కుడివైపు విలువను ఎడమవైపు పెట్టెలో పెట్టు’ అని అర్థం. పెట్టెలో అంతకుముందు ఉన్నది చెరిగిపోతుంది. ఒక గ్లాసులో పాలు, మరో గ్లాసులో మజ్జిగ ఉంటే వాటిని మార్చడానికి మూడో ఖాళీ గ్లాసు కావాలి. ప్రోగ్రాములో కూడా మూడో వేరియబుల్ కావాలి. బోర్డు మీది సరైన ప్రోగ్రామును చూసి టైపు చేసిన విద్యార్థికి ఆ మూడో వేరియబుల్ ఎందుకో తెలియదు. పై పట్టికను తన చేత్తో వేసిన విద్యార్థి దాన్ని మరిచిపోడు.

కాబట్టి ప్రాక్టికల్ తరగతి ఉద్దేశాన్ని ఇలా నిర్వచించుకోవచ్చు: ప్రోగ్రాము ఏం చేస్తుందో ముందుగా ఊహించడం, నడిపి ఊహను సరిచూసుకోవడం, తేడా వస్తే కారణం కనుక్కోవడం. తెర మీద ఫలితం రావడం ఈ పనిలో ఒక మెట్టు మాత్రమే.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1

అ) పై ప్రోగ్రామును మూడో వేరియబుల్ ‘సి’తో సరిచేసి వరుసవారీ పట్టిక వేయండి.
ఆ) సి భాషలో 7, 8 అనే రెండు పూర్ణాంకాల మొత్తాన్ని పూర్ణాంకం 2తో భాగిస్తే ఏ విలువ వస్తుంది? ఎందుకు?

7.3 తరగతికి ముందు సన్నాహాలు

మంచి ప్రాక్టికల్ తరగతికి పునాది తరగతికి ముందే పడుతుంది. ముఖ్యంగా నాలుగు విషయాలు చూసుకోవాలి.

1. యంత్రాలు, కంపైలరు: ప్రయోగశాలలో ఎన్ని యంత్రాలు పనిచేస్తున్నాయో ముందురోజే సరిచూడాలి. అన్నింటిలో ఒకే కంపైలరు ఉండాలి. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ కాదు. మన కళాశాలల్లో చాలాకాలం వాడిన టర్బో సిలో సాధారణ పూర్ణాంకానికి 16 బిట్లే. అందులో పట్టే అతి పెద్ద సంఖ్య 32767. కనుక అక్కడ 8 ఫ్యాక్టోరియల్ 40320కు బదులు -25216 వస్తుంది. ఇప్పటి జిసిసి కంపైలరులో 12 ఫ్యాక్టోరియల్ వరకు సరిగానే వచ్చి 13 దగ్గర తప్పుతుంది. పుస్తకంలో ఒక ఫలితం, తెర మీద మరో ఫలితం వస్తే కొత్త విద్యార్థి తప్పు తనదే అనుకుంటాడు.

2. బ్యాచ్‌లు: 20 యంత్రాలకు 40 మంది ఉంటే రెండు బ్యాచ్‌లు చేయవచ్చు, లేదా ఒక్కో యంత్రానికి ఇద్దరిని కూర్చోబెట్టవచ్చు. ముగ్గురు నలుగురు ఒక యంత్రం దగ్గర గుమిగూడితే ఒకరు పనిచేస్తారు, మిగిలినవారు చూస్తారు.

3. ప్రయోగ పత్రం: ఒక్కో వారానికి ఒకటి లేదా రెండు పుటల పత్రం ముందుగా ఇవ్వాలి. అందులో ఆ వారం కొత్త అంశం ఒక్కటే ఉండాలి. లూపును, శ్రేణిని, ఫంక్షన్‌ను ఒకే వారం కలిపితే తప్పు ఎక్కడుందో విద్యార్థికీ తెలియదు, అధ్యాపకులకూ తెలియదు.

4. సహాయకులు: అధ్యాపకులు ఒక్కరే అందరి దగ్గరకూ వెళ్లలేరు. రెండో, మూడో సంవత్సరం విద్యార్థులను సహాయకులుగా పెట్టుకోవచ్చు. వారికి ఒక నియమం చెప్పాలి: ఎవరి కీబోర్డునూ తాకకూడదు. సహాయకులు టైపు చేస్తే ప్రోగ్రాము పనిచేస్తుంది కానీ విద్యార్థి నేర్చుకోవలసింది సహాయకులే చేసినట్లవుతుంది. ‘ఈ వరుస దగ్గర ఈ వేరియబుల్ విలువ ఎంత?’ అని అడగడమే వారి పని.

సహాయం అడగడానికి సంకోచించే విద్యార్థులు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. ప్రతి యంత్రం దగ్గర ఎరుపు, ఆకుపచ్చ కాగితపు ముక్కలు ఉంచితే వారికి సులభమవుతుంది. ఆగిపోయినవారు ఎరుపు కాగితాన్ని మానిటర్ మీద అతికిస్తారు, పూర్తయినవారు ఆకుపచ్చ కాగితాన్ని అతికిస్తారు. చెయ్యెత్తి నలుగురిలో ‘నాకు రాలేదు’ అని చెప్పవలసిన అవసరం ఉండదు.

7.4 రెండు గంటల తరగతి నడిచే విధం

ఇంగ్లండులో స్యూ సెంటెన్స్, ఆమె సహచరులు పాఠశాల ప్రోగ్రామింగ్ తరగతుల కోసం ఒక క్రమాన్ని రూపొందించారు. అందులో అయిదు మెట్లు ఉన్నాయి: ఊహించడం, నడపడం, పరిశోధించడం, మార్చడం, తయారు చేయడం. డిగ్రీ మొదటి సంవత్సరానికి కూడా ఈ క్రమం సరిపోతుంది. ఈ క్రమంలో రెండు గంటల తరగతికి ఒక మాదిరి ప్రణాళిక ఇది.

| సమయం | పని |
|---|---|
| 10 నిమిషాలు | గత వారం వచ్చిన ఒక సాధారణ తప్పును బోర్డు మీద చర్చించడం |
| 15 నిమిషాలు | ఇచ్చిన ప్రోగ్రామును కాగితం మీద అనుసరించి ఫలితాన్ని ఊహించి రాయడం |
| 20 నిమిషాలు | ప్రోగ్రామును నడపడం, ఊహతో పోల్చి తేడాలకు కారణం కనుక్కోవడం |
| 35 నిమిషాలు | జంటగా ప్రోగ్రామును మూడు నాలుగు విధాలుగా మార్చడం |
| 30 నిమిషాలు | అదే అంశం మీద కొత్త ప్రోగ్రాము సొంతంగా రాయడం |
| 10 నిమిషాలు | నేర్చుకున్నది, మిగిలిన సందేహం అబ్జర్వేషన్ పుస్తకంలో రాయడం |

ఫ్యాక్టోరియల్ ప్రయోగాన్నే ఈ క్రమంలో పెట్టి చూద్దాం. అధ్యాపకులు పూర్తి ప్రోగ్రామును ముద్రించి ఇస్తారు. విద్యార్థులు ఇన్‌పుట్ 4కు లూపు ఎన్నిసార్లు తిరుగుతుందో, ప్రతిసారీ లబ్ధం ఎంతో పట్టిక వేస్తారు. ఇన్‌పుట్ 0 అయితే ఏం వస్తుందో ఊహించి రాస్తారు. ఈ దశలో యంత్రాలు ఆపి ఉండాలి. ముందుగా రాసిన ఊహ చేతిలో ఉంటేనే నడిపినప్పుడు ఆశ్చర్యం కలుగుతుంది, ఆ ఆశ్చర్యం నుంచే ప్రశ్న పుడుతుంది.

తరువాత 4, 0, 5, 12, 13 ఇచ్చి నడుపుతారు. 13 ఫలితాన్ని 12 ఫలితంతో పోల్చమంటే విషయం బయటపడుతుంది. 12 ఫ్యాక్టోరియల్ 479001600. దాన్ని 13తో గుణిస్తే ఆరు వందల కోట్లు దాటాలి. తెర మీద ఉన్నది రెండు వందల కోట్లు కూడా కాదు. ఇక్కడ గమనించవలసింది, కంప్యూటర్ ఎటువంటి దోష సందేశమూ ఇవ్వలేదు. తప్పు సమాధానాన్ని సరైన సమాధానంలాగే చూపించింది. ఫలితాన్ని అంచనాతో సరిచూసుకునే అలవాటు ఎందుకు కావాలో ఈ ఒక్క ప్రయోగం చెబుతుంది.

మార్చే దశలో, లబ్ధం ప్రారంభ విలువ 1కు బదులు 0 పెడితే ఏమవుతుందో చూడమనవచ్చు. రుణ సంఖ్య ఇస్తే హెచ్చరిక చూపేలా మార్చమనవచ్చు. వేరియబుల్ రకాన్ని మార్చి 13కు సరైన విలువ రప్పించమనవచ్చు. చివరి దశలో 1 నుంచి ఎన్ వరకు సంఖ్యల మొత్తం లేదా ఒక సంఖ్య ఘాతం కనుక్కునే ప్రోగ్రాము సొంతంగా రాయమనాలి. అప్పటికి లూపు నిర్మాణం వారి చేతిలో ఉంటుంది కాబట్టి ఖాళీ తెర వారిని భయపెట్టదు.

7.5 జంటగా పనిచేయడం

ఇద్దరు ఒక యంత్రం దగ్గర కూర్చోవడం యంత్రాల కొరత వల్ల వచ్చిన సర్దుబాటు మాత్రమే అనుకోనక్కరలేదు. అమెరికాలో నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయం, శాంటాక్రజ్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 2000 తరువాతి సంవత్సరాలలో మొదటి కోర్సు విద్యార్థులపై ఈ పద్ధతిని అధ్యయనం చేశారు. జంటగా పనిచేసినవారిలో కోర్సు చివరి వరకు నిలిచినవారు ఎక్కువగా కనిపించారు.

అయితే జంట పనికి నియమాలు ఉండాలి. ఒకరు టైపు చేస్తారు. రెండోవారు ప్రతి వరుసనూ చదువుతూ ‘ఇది ఎందుకు?’ అని అడుగుతారు, పట్టిక వేస్తారు. ప్రతి 15 నిమిషాలకు స్థానాలు మార్చుకోవాలి. గడియారం చూసి అధ్యాపకులే ‘మార్చుకోండి’ అని చెప్పాలి, లేకపోతే వేగంగా టైపు చేసేవారి చేతిలోనే కీబోర్డు ఉండిపోతుంది. ఇంట్లో కంప్యూటరు ఉన్నవారు, మొదటిసారి కంప్యూటరు ముట్టుకుంటున్నవారు ఒకే బ్యాచ్‌లో ఉంటారని గుర్తుంచుకోవాలి. వీలైనంతవరకు దాదాపు సమాన అనుభవం ఉన్నవారిని జత చేస్తే ఇద్దరూ మాట్లాడతారు. చివరి అరగంట పని మాత్రం ఎవరిది వారే చేయాలి.

7.6 దోష సందేశాలు, భాష సమస్య

తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థులకు ప్రాక్టికల్ తరగతిలో రెండు భాషలు ఒకేసారి ఎదురవుతాయి. ఒకటి సి భాష, రెండోది కంపైలరు మాట్లాడే ఇంగ్లీషు. ఎర్రటి అక్షరాలు కనిపించగానే చదవకుండా ప్రోగ్రామును చెరిపివేసేవారిని చూస్తుంటాం. నిజానికి మొదటి సంవత్సరంలో తరచుగా ఎదురయ్యే సందేశాలు కొన్నే. వాటి అర్థాన్ని గోడ మీద తెలుగులో రాసి పెడితే చాలా సమయం ఆదా అవుతుంది.

- ఎక్స్‌పెక్టెడ్ సెమికోలన్: వాక్యం చివర సెమికోలన్ లేదు. కొన్ని కంపైలర్లు తరువాతి వరుస సంఖ్యను చూపుతాయి కాబట్టి పై వరుసను కూడా చూడాలి.
- అన్‌డిక్లేర్డ్: వేరియబుల్‌ను ప్రకటించలేదు, లేదా పేరులో అక్షరం తేడా ఉంది. పెద్ద అక్షరం, చిన్న అక్షరం సి భాషలో వేర్వేరు.
- అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్: పిలిచిన ఫంక్షన్ ఎక్కడా దొరకలేదు. ఎక్కువగా ఫంక్షన్ పేరు తప్పుగా టైపు చేసినప్పుడు వస్తుంది.
- సెగ్మెంటేషన్ ఫాల్ట్: ప్రోగ్రాము కంపైల్ అయింది కానీ నడిచేటప్పుడు తనది కాని మెమరీని తాకింది. స్కాన్ఎఫ్‌లో వేరియబుల్ ముందు ఆంపర్‌సాండ్ గుర్తు మరిచిపోవడం దీనికి ఒక సాధారణ కారణం.

సందేశాలు చదవడానికి ఒక క్రమం పాటించాలి. పది దోషాలు వచ్చినా మొదటిదాన్ని మాత్రమే చదవాలి. దాన్ని సరిచేసి మళ్లీ కంపైల్ చేయాలి. ఒక మీసాల బ్రాకెట్ లోపిస్తే దాని వెనుక మరెన్నో దోషాలు వరుసకడతాయి, అది పెట్టగానే అన్నీ పోతాయి.

కొన్ని తప్పులకు సందేశమే రాకపోవచ్చు. షరతులో సమానమా అని పోల్చడానికి రెండు సమానం గుర్తులు కావాలి. ఒక్కటే పెడితే అది విలువను పెట్టడం అవుతుంది. అలా పెట్టిన విలువ సున్నా కాకపోతే షరతు ఎప్పుడూ నిజమే అవుతుంది. కంపైలరు హెచ్చరికలను ఆన్ చేసి ఉంచితే ఇటువంటివి చాలావరకు కనిపిస్తాయి.

వివరణ తెలుగులో, పదాలు ప్రోగ్రామర్లు వాడేవి ఉండటం మంచిది. ‘లూపు’, ‘వేరియబుల్’ వంటి మాటలను అలాగే ఉంచి, అవి చేసే పనిని తెలుగులో చెప్పాలి. విద్యార్థులు తమ సందేహాన్ని తెలుగులో అడగడానికి, రాయడానికి వెనుకాడనవసరం లేదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2

అ) కంపైలరు 15 దోషాలు చూపించింది. మీరు మొదట ఏం చేస్తారు?
ఆ) సహాయకులు విద్యార్థి కీబోర్డును ఎందుకు తాకకూడదు?

7.7 మూల్యాంకనం

విద్యార్థులు దేనికి మార్కులు వస్తాయో దాన్నే శ్రద్ధగా చేస్తారు. శుభ్రమైన రికార్డుకే మార్కులు ఇస్తే రికార్డులు శుభ్రంగా ఉంటాయి. రికార్డు వల్ల ప్రయోజనం లేదని కాదు. చేసిన పనికి అది ఒక క్రమబద్ధమైన ఆధారం. కానీ అది పూర్తి చేసిన ప్రోగ్రామును చూపిస్తుంది, చేరుకున్న దారిని చూపించదు. ఆ దారి అబ్జర్వేషన్ పుస్తకంలో ఉంటుంది. కొట్టివేతలు, తప్పు ఊహలు, వాటి పక్కన కారణాలు ఉన్న అబ్జర్వేషన్ పుస్తకానికి మార్కులు తగ్గించకూడదు, ఇవ్వాలి.

వైవాలో నిర్వచనాలు అడిగితే కంఠస్థం చేసినవారు చెప్పగలుగుతారు. దానికి బదులు విద్యార్థి సొంత ప్రోగ్రామునే ముందు పెట్టి ‘ఈ వరుస తీసేస్తే ఏమవుతుంది?’, ‘ఏ ఇన్‌పుట్‌కు ఇది తప్పుతుంది?’ అని అడగవచ్చు. అయిదు నిమిషాల్లో ఒక చిన్న మార్పు చేయించవచ్చు. నకలు చేసినవారెవరో, నేర్చుకున్నవారెవరో అక్కడ తెలిసిపోతుంది. ఈ విధంగా అడుగుతారని మొదటి వారంలోనే చెబితే నకలు చేయడం దానంతట అదే తగ్గుతుంది.

7.8 దూరవిద్య విద్యార్థులకు ప్రత్యేక సూచనలు

రోజూ కళాశాలకు వెళ్లే విద్యార్థులకు సంవత్సరమంతా ప్రయోగశాల అందుబాటులో ఉంటుంది. మీకు అధ్యయన కేంద్రంలో ప్రాక్టికల్ తరగతులు పరిమితమైన రోజుల్లోనే జరుగుతాయి. చాలామంది ఉద్యోగానికో పొలం పనికో సెలవు పెట్టి వస్తారు. ఆ గంటలను టైపు చేయడానికి ఖర్చు పెట్టుకోకూడదు. యంత్రం అవసరం లేని పనిని ఇంటి దగ్గరే పూర్తి చేసుకుని రావాలి.

1. ప్రతి ప్రయోగానికి వరుసవారీ పట్టికను ఇంట్లోనే వేయండి. మూడు ఇన్‌పుట్లకు ఫలితాలను ఊహించి రాయండి. వాటిలో ఒకటి సున్నా లేదా రుణ సంఖ్య కావాలి.

2. ప్రోగ్రాములోని వరుసలను విడివిడి చీటీల మీద రాసి కలిపివేయండి. మర్నాడు పుస్తకం చూడకుండా సరైన క్రమంలో పేర్చండి. న్యూజిలాండ్‌కు చెందిన డేల్ పార్సన్స్, ప్యాట్రీషియా హేడెన్ 2006లో ఇటువంటి ప్రోగ్రాము పజిళ్లను ప్రతిపాదించారు. కంప్యూటరు లేని ఇంట్లో చేయదగిన మంచి అభ్యాసం ఇది.

3. స్మార్ట్‌ఫోన్ ఉంటే అందులో పనిచేసే కంపైలరుతో చిన్న ప్రోగ్రాములు నడపవచ్చు. చిన్న తెర మీద టైపు చేయడం కష్టమే అయినా ఊహను సరిచూసుకోవడానికి సరిపోతుంది.

4. మీ సందేహాలను ‘నాకు లూపు రాదు’ అని కాకుండా ‘ఈ ప్రోగ్రాములో ఆరో వరుస దగ్గర 3 వస్తుందనుకున్నాను, 4 వచ్చింది’ అని రాసుకుని రండి. ఇలా అడిగిన ప్రశ్నకు కౌన్సిలరు రెండు నిమిషాల్లో సమాధానం చెప్పగలరు.

5. అధ్యయన కేంద్రంలో పరిచయమైన ఒకరిద్దరితో ఫోనులో మాట్లాడుకునే ఏర్పాటు చేసుకోండి. ప్రోగ్రామును మరొకరికి మాటలతో వివరించేటప్పుడు మన తప్పు మనకే వినిపిస్తుంది.

7.9 సారాంశం

ప్రోగ్రామింగ్ ప్రాక్టికల్ తరగతి ఉద్దేశం ప్రోగ్రామును ఊహించడం, నడపడం, ప్రశ్నించడం నేర్పడం. ప్రోగ్రామును చదవలేనివారు రాయలేరని పరిశోధనలు సూచించాయి. అందువల్ల తరగతిలో మొదటి కొంత సమయం కాగితం మీది పనికి కేటాయించాలి. వారానికి ఒక కొత్త అంశం, నియమాలతో జంట పని, కీబోర్డు తాకని సహాయకులు, తెలుగులో దోష సందేశాల వివరణ తరగతికి బలాన్నిస్తాయి. మూల్యాంకనం రికార్డుతో ఆగిపోకుండా, విద్యార్థి తన ప్రోగ్రామును మార్చగలరా లేదా అని చూడాలి. దూరవిద్య విద్యార్థులు యంత్రం అవసరం లేని పనిని ముందే పూర్తి చేసుకుంటే తక్కువ ప్రాక్టికల్ గంటలు కూడా ఎక్కువ ఫలితాన్నిస్తాయి.

7.10 మీ సమాధానాలు సరిచూసుకోండి

1. అ) సి = ఎ, ఎ = బి, బి = సి అనే క్రమంలో రాయాలి. చివరి విలువలు: ఎ 8, బి 5, సి 5.
ఆ) 7 వస్తుంది. మొత్తం 15, భాజకం 2 రెండూ పూర్ణాంకాలు కాబట్టి సి భాష 7.5లోని భిన్న భాగాన్ని వదిలివేస్తుంది.

2. అ) మొదటి దోషాన్ని మాత్రమే చదివి సరిచేసి మళ్లీ కంపైల్ చేయాలి.
ఆ) విద్యార్థి ఆలోచించి నేర్చుకోవలసిన పనిని సహాయకులే చేసినట్లవుతుంది కాబట్టి.

7.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు సుమారు 30 వరుసల్లో సమాధానాలు రాయండి.
1. రెండు గంటల ప్రోగ్రామింగ్ ప్రాక్టికల్ తరగతికి మీకు నచ్చిన ఒక అంశంపై ప్రణాళిక తయారు చేసి, ప్రతి దశ అవసరాన్ని వివరించండి.
2. రికార్డు, అబ్జర్వేషన్ పుస్తకం, వైవాలను మూల్యాంకన సాధనాలుగా పోల్చండి.

II. కింది ప్రశ్నలకు సుమారు 10 వరుసల్లో సమాధానాలు రాయండి.
1. ప్రోగ్రామును వరుసవారీగా అనుసరించడం అంటే ఏమిటి? ఒక ఉదాహరణ ఇవ్వండి.
2. జంట పనిలో పాటించవలసిన నియమాలు ఏవి?
3. ఫ్యాక్టోరియల్ ప్రోగ్రాము 13 దగ్గర తప్పు ఫలితం ఇవ్వడానికి కారణం రాయండి.